61 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? నార్త్ కరోలినా 2012 ప్రైమరీ ఓటుపై ఒక సమాధానం

2012 మే 8న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో జరిగిన ప్రైమరీ (పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే) ఎన్నికల ఫలితాలనూ, అదే బ్యాలెట్‌పై స్వలింగ వివాహాల నిషేధాన్ని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలా అని అడిగిన ప్రశ్నకు వచ్చిన ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి మీరు మూడు సంగతులు అడిగారు. జనం తక్కువగా వచ్చే ప్రైమరీ రోజున పెట్టడం వల్లనే సవరణ నెగ్గిందా? అనుకూలంగా ఓటేసిన 61 శాతం మంది నిజంగా కోరుకున్నది ఏమిటి? ఆ సవరణ ఇప్పటికీ ఉందా, ఉంటే దానికి విలువ ఎంత? నేను ఆ రాష్ట్రంలోని వేక్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) చాలా ఏళ్లుగా ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంలో అధికారిగా పనిచేస్తున్నాను. ఆ మే నెలలోనూ చేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఫలితం గురించి మాట్లాడేవారు తేదీని లెక్కకు మించి తప్పుపట్టారు, బ్యాలెట్‌పై అచ్చయిన వాక్యాన్ని మాత్రం సరిగ్గా చదవలేదు.

స్వలింగ వివాహాలు చెల్లవని చెప్పే చట్టం ఆ రాష్ట్రంలో 1996 నుంచే ఉంది. కాబట్టి మే 8న ఓటర్లు ఎటు మొగ్గినా మర్నాడు పెళ్లి లైసెన్సులు ఇచ్చే కార్యాలయంలో మారేదేమీ లేదు. అయితే మసాచుసెట్స్‌లో 2003లోనూ, అయోవాలో 2009లోనూ ఆయా రాష్ట్రాల సుప్రీంకోర్టులు ఇటువంటి నిషేధాలు తమ రాజ్యాంగాలకు విరుద్ధమని తీర్పులిచ్చాయి కనుక, నిషేధాన్ని రాజ్యాంగంలోనే రాసేస్తే రాష్ట్ర న్యాయమూర్తులకు ఆ అవకాశం ఉండదన్నది సవరణ కోరినవారి వాదన. 2010 ఎన్నికల్లో రిపబ్లికన్లు శతాబ్దానికి పైగా గడిచాక మొదటిసారి రాష్ట్ర చట్టసభలోని రెండు సభలనూ చేజిక్కించుకోవడంతో ఏళ్ల తరబడి కమిటీల్లో మూలుగుతున్న ప్రతిపాదనకు దారి దొరికింది.

దారి దొరికినా సంఖ్యాబలం చాలలేదు. సవరణను ప్రజల ముందుకు పంపాలంటే ప్రతి సభలో అయిదింట మూడు వంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి. గవర్నరు వీటోకు ఇందులో చోటు లేదు కనుక దీన్ని వ్యతిరేకించిన గవర్నరు బెవ్ పర్డ్యూ చేయగలిగిందేమీ లేకపోయింది. 120 మంది ఉన్న ప్రతినిధుల సభలో కావలసినవి 72 ఓట్లు, రిపబ్లికన్లకు ఉన్నవి 68. ఆ తేడాను పూడ్చుకోవడానికి డెమోక్రాట్లు కొందరైనా కలిసిరావాలి. ఈ ప్రశ్నను 2012 నవంబరులో అధ్యక్ష ఎన్నికతో పాటు పెడితే సంప్రదాయవాద ఓటర్లు బారులు తీరి వస్తారని, దాంతో తమ సీట్లకే ఎసరు వస్తుందని ఆ డెమోక్రాట్లకు భయం. అందుకే ఓటు తేదీని మే ప్రైమరీకి జరిపారు. 2011 సెప్టెంబరు 12న ప్రతినిధుల సభలో 75–42 తేడాతోనూ, మర్నాడు సెనేట్‌లో 30–16 తేడాతోనూ ప్రతిపాదన నెగ్గింది. 50 మంది ఉన్న సెనేట్‌లో కావలసినవి సరిగ్గా 30. అంటే, తర్వాత అందరూ రిపబ్లికన్ల కుయుక్తిగా తిట్టిన ఆ తేదీ నిజానికి కొందరు డెమోక్రాట్లకు ఇచ్చిన రాయితీ.

ఇక తేదీ వల్లే నెగ్గిందన్న వాదనను అంకెలతో సరిచూద్దాం. నమోదైన ఓటర్లలో మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే వచ్చిన మాట నిజం. కానీ వచ్చినవారు ఒకవైపు వారేనా? రిపబ్లికన్ అధ్యక్ష ప్రైమరీలో పడిన ఓట్లు సుమారు 9.7 లక్షలు, డెమోక్రాటిక్ ప్రైమరీలో పడినవీ సుమారు అంతే. రిపబ్లికన్ల అధ్యక్ష పోటీ అప్పటికే చప్పబడిపోయింది: ఏప్రిల్ 10న ప్రధాన పోటీదారు శాంటోరమ్ విరమించుకున్నాక మిట్ రామ్నీ అభ్యర్థిత్వం ఖాయమైనట్లే. పర్డ్యూ మళ్లీ పోటీ చేయనని జనవరిలో ప్రకటించడంతో గవర్నరు పదవికి అసలైన పోటీ జరిగింది డెమోక్రాట్లలోనే. కాబట్టి ఆ రోజు రిపబ్లికన్లు మాత్రమే ఎగబడి వచ్చారనడానికి ఆధారం లేదు.

సవరణకు అనుకూలంగా పడినవి సుమారు 13 లక్షల 17 వేల ఓట్లు, వ్యతిరేకంగా పడినవి సుమారు 8 లక్షల 41 వేలు. రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకున్న ప్రతి ఒక్కరూ అనుకూలంగానే ఓటేశారని అనుకున్నా, ఇంకా దాదాపు మూడున్నర లక్షల ఓట్లు వేరేచోటి నుంచి రావాలి. అవి డెమోక్రాటిక్ బ్యాలెట్ తీసుకున్నవారి నుంచి, ఏ పార్టీ బ్యాలెట్ తీసుకోనివారి నుంచి వచ్చాయి. సవరణపై మొత్తం 21.5 లక్షలకు పైగా ఓట్లు పడితే రెండు పార్టీల అధ్యక్ష ప్రైమరీలలో కలిపి పడినవి 19.4 లక్షలే. అంటే అధ్యక్ష అభ్యర్థి ఎవరన్నది పట్టించుకోకుండా ఈ ఒక్క ప్రశ్న కోసమో, స్థానిక పదవుల కోసమో వచ్చినవారు రెండు లక్షల మందికి పైగా ఉన్నారు.

సరిహద్దు రాష్ట్రాలను చూసినా ఇదే తేలుతుంది. జార్జియా 2004 నవంబరులో, టెనెసీ, సౌత్ కరోలినా, వర్జీనియా 2006 నవంబరులో, అంటే ఓటర్లు బాగా వచ్చే సాధారణ ఎన్నికల రోజునే, ఇటువంటి సవరణలపై ఓటేశాయి. జార్జియాలో 76 శాతం, టెనెసీలో 81, సౌత్ కరోలినాలో 78, వర్జీనియాలో 57 శాతం మంది అనుకూలంగా చెప్పారు. నవంబరుకు వాయిదా వేసి ఉంటే నార్త్ కరోలినాలో అంతరం నాలుగైదు పాయింట్లు తగ్గేదేమో కానీ ఫలితం తారుమారయ్యేదని నేను నమ్మను.

వంద కౌంటీలలో సవరణను తిరస్కరించినవి ఎనిమిదే: రాలీ ఉన్న వేక్, డరమ్, చాపెల్ హిల్ ఉన్న ఆరెంజ్, దాని పక్కనే ఉన్న చాటమ్, షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్, ఆష్‌విల్ ఉన్న బన్‌కమ్, అపలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్న వటాగా, సముద్రతీరంలోని డేర్. చివరిదాన్ని పక్కనపెడితే మిగిలినవన్నీ విశ్వవిద్యాలయాలో, బ్యాంకులో, సాఫ్ట్‌వేర్, ఔషధ పరిశ్రమలో ఉన్న ప్రాంతాలు, వాటి శివార్లు. ఆరెంజ్ కౌంటీలో దాదాపు అయిదింట నాలుగు వంతుల మంది వద్దన్నారు. మన తెలుగువారు కేరీ, మోరిస్‌విల్, ఏపెక్స్‌లలో స్థిరపడి ఇళ్లు కట్టుకున్నది వేక్ కౌంటీలోనే కనుక, వారిలో చాలామందికి ఫలితం వచ్చిన రాత్రి రాష్ట్రం మొత్తం 61 శాతం ఎలా అనగలిగిందో అంతుచిక్కలేదు. వారు రోజూ చూసే నార్త్ కరోలినా ఆ ఎనిమిది కౌంటీలదే.

ఇక అసలు విషయం. బ్యాలెట్‌పై ఉన్న వాక్యం ఇది: ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగే వివాహం మాత్రమే ఈ రాష్ట్రంలో చెల్లుబాటయ్యే లేదా గుర్తింపు పొందే ఏకైక గృహసంబంధ చట్టబద్ధ బంధంగా ఉండేటట్లు రాజ్యాంగ సవరణ. దాని కింద రెండు గడులు, అనుకూలం, వ్యతిరేకం. ఈ వాక్యంలో పెళ్లి అన్న మాటను పట్టుకుని చదివితే ఇది స్వలింగ వివాహాల నిషేధం. ఏకైక చట్టబద్ధ బంధం అన్న మాటను పట్టుకుని చదివితే ఇది సివిల్ యూనియన్లనూ (పెళ్లి అనకుండానే జంటకు చట్టం ఇచ్చే గుర్తింపు), సహజీవన భాగస్వామ్యాలనూ, ఆ జంటలో ఉన్నది ఎవరైనా సరే, కలిపి తుడిచిపెట్టే నిషేధం. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న ఆడ, మగ జంటలకూ ఇది తగులుతుంది. రాజ్యాంగంలో చేరిన పాఠంలో రెండో వాక్యం కూడా ఉంది, బ్యాలెట్‌పై లేదు: ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు తమలో తాము చేసుకునే ఒప్పందాలను ఇది అడ్డుకోదని. దానివల్ల ప్రైవేటు కంపెనీలు ఉద్యోగుల భాగస్వాములకు ఇచ్చే ఆరోగ్య బీమాకు ఢోకా లేదు. ప్రశ్న వచ్చిపడింది డరమ్, చాపెల్ హిల్, గ్రీన్స్‌బరో వంటి చోట్ల స్థానిక ప్రభుత్వాలు తమ ఉద్యోగుల భాగస్వాములకు ఇస్తున్న సౌకర్యాల మీద. గృహహింస నుంచి రక్షణ ఇచ్చే ఉత్తర్వులు పెళ్లికాని జంటలకు వర్తిస్తాయా అన్న వివాదమూ లేచింది. 2004లో ఒహాయోలో ఇటువంటి సవరణ వచ్చాక కింది కోర్టులు పరస్పర విరుద్ధంగా తీర్పులిచ్చి, 2007లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సర్దిచెప్పేదాకా గందరగోళం సాగింది. చాపెల్ హిల్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల నుంచి వచ్చిన నివేదిక ఈ ప్రమాదాలను ఎత్తిచూపితే, క్యాంప్‌బెల్ విశ్వవిద్యాలయ న్యాయ ఆచార్యులు అవి అతిశయోక్తులని బదులిచ్చారు. న్యాయశాస్త్రం బోధించేవారికే ఏకాభిప్రాయం కుదరని వాక్యాన్ని ఓటరు గడి దగ్గర నిలబడి ఒక నిమిషంలో తేల్చాలి.

రాలీలో ఉన్న పబ్లిక్ పాలసీ పోలింగ్ సంస్థ ఆ వసంతంలో జరిపిన సర్వేలలో ఒక వింత స్పష్టంగా కనిపించింది. సగానికి పైగా మంది సవరణకు ఓటేస్తామన్నారు. అదే సర్వేలలో సగానికి పైగా మంది స్వలింగ జంటలకు పెళ్లి రూపంలోనో, సివిల్ యూనియన్ రూపంలోనో ఏదో ఒక గుర్తింపు ఉండాలని కూడా అన్నారు. ఆ రెండింటినీ సవరణ మూసివేస్తుందని తెలిసినవారు సగం కంటే తక్కువ. మీ రెండో ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇదే: 61 శాతంలో గట్టిగా నిషేధం కోరుకున్నవారు చాలామందే ఉన్నారు, వారిని లేరనడం ఆత్మవంచన, కానీ సివిల్ యూనియన్లు సైతం ఉండకూడదన్నది ఆ రాష్ట్ర మెజారిటీ కోరిక కాదు. జనం ఒక దానికి ఒప్పుకుంటే సవరణ రాసినవారు రెండు రాసుకున్నారు.

పోలింగ్ కేంద్రంలో ఇది రోజంతా కనిపించింది. ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు నార్త్ కరోలినాలో తనకు నచ్చిన పార్టీ బ్యాలెట్ అడగవచ్చు. ఆ ఏడాది పార్టీలతో సంబంధం లేని విడి బ్యాలెట్ కూడా ఉంది. మనవాళ్లలో పౌరసత్వం తీసుకున్నవారు చాలామంది ఇలా నమోదైనవారే. అమ్మాయితో కలిసి వచ్చిన ఒక పెద్దాయన నా బల్ల దగ్గర బ్యాలెట్ చేతిలో పట్టుకుని, నన్ను తెలుగువాణ్ణని గుర్తుపట్టి, "ఏవండీ, ఈ పెళ్లిళ్లు వద్దు అనాలంటే అనుకూలం అని దిద్దాలా, వ్యతిరేకం అని దిద్దాలా?" అని అడిగారు. ప్రశ్నకు అర్థం చెప్పే అధికారం మాకు లేదు. దగ్గరి బంధువు సాయం తీసుకునే హక్కు ఆయనకు ఉంది. "ఆ వాక్యం నేను వివరించకూడదండీ, కావాలంటే అమ్మాయిని తోడుగా తీసుకెళ్లండి" అన్నాను. ఆ అమ్మాయి ముఖం చూస్తే తండ్రి అభిప్రాయంతో ఆమెకు పొత్తు కుదరదని తెలుస్తూనే ఉంది. అయినా వెంట వెళ్లి ఏ గడికి ఏ అర్థమో ఆయనకు నిజాయితీగానే చెప్పింది. పెళ్లిళ్లు వద్దనేవారు అవును అనాలి, ఉండనివ్వండి అనేవారు కాదు అనాలి. ఈ తిరకాసు వల్ల రెండు వైపులా కొన్ని ఓట్లు పొరపాటున పడి ఉంటాయి, ఫలితాన్ని మార్చేటన్ని కావు. ఇంకో చిన్న విషయం చెప్పాలి. నవంబరులోగా 18 నిండబోయే 17 ఏళ్లవారు ప్రైమరీలో అభ్యర్థులకు ఓటేయవచ్చు కానీ సవరణపై ఓటేయడానికి వారికి హక్కు లేదు. ఈ విషయంలో అందరికంటే స్పష్టమైన అభిప్రాయం ఉన్న వయసు వారికి ఆ ఒక్క ప్రశ్న లేని బ్యాలెట్ అందించడం నాకు ఇబ్బందిగానే అనిపించింది.

ప్రచారంలో 93 ఏళ్ల మతబోధకుడు బిల్లీ గ్రాహమ్ పేరిట పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వచ్చాయి; అటువైపు బిల్ క్లింటన్ గొంతుతో ఓటర్ల ఇళ్లకు ఫోన్లు మోగాయి. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ రాష్ట్ర అధ్యక్షుడు రెవరెండ్ విలియం బార్బర్ ఊరూరా తిరిగి, మత విశ్వాసం వేరు, ఒక వర్గం హక్కులను మెజారిటీ ఓటుకు పెట్టడం వేరని బోధించారు. ఆయన వాదనకు చరిత్ర సాక్ష్యం ఉంది. ఆ రాష్ట్ర రాజ్యాంగంలో వివాహంపై అంతకుముందు నిషేధం చేర్చింది 1875లో. అది తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్లిళ్లను శాశ్వతంగా నిషేధించింది. 1967లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో అది చెల్లకుండా పోయింది, 1971 రాజ్యాంగంలో ఆ మాటలు లేవు. ఇక సవరణను సభలో నడిపించిన స్పీకర్ థామ్ టిల్లిస్ అయితే, మార్చిలో విశ్వవిద్యాలయ విద్యార్థులతో మాట్లాడుతూ ఇది తరాల తేడా అని, నెగ్గినా 20 ఏళ్లలో రద్దవుతుందని తానే చెప్పారు. అంత కాలం కూడా పట్టలేదు.

మిగతా ప్రైమరీ ఫలితాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గవర్నరు పదవికి డెమోక్రాట్లలో వాల్టర్ డాల్టన్ సుమారు 46 శాతంతో నెగ్గారు; రిపబ్లికన్లలో పాట్ మెక్రోరీ ఏకపక్షంగా గెలిచి, నవంబరులో డాల్టన్‌ను ఓడించారు. ఒబామాకు ఎదురే లేని డెమోక్రాటిక్ ప్రైమరీలో అయిదింట ఒక వంతు మంది ఎవరి వైపూ మొగ్గు లేదన్న గడిని దిద్దారు. దాన్ని చూసి కంగారుపడిన విశ్లేషకులకు అదే రాత్రి వెస్ట్ వర్జీనియా ఇంకా పెద్ద విడ్డూరం చూపించింది: టెక్సస్ జైలులో శిక్ష అనుభవిస్తున్న కీత్ జడ్ అనే ఖైదీకి అధ్యక్షుడి మీద 41 శాతం ఓట్లు పడ్డాయి. 2008లో ఒబామా 14 వేల ఓట్ల తేడాతో గెలిచిన నార్త్ కరోలినా 2012లో రెండు పాయింట్ల తేడాతో రామ్నీకి వెళ్లింది. అందుకు మే ఓటే కారణమనేవారు ఉన్నారు కానీ ఆర్థిక పరిస్థితిని, నిరుద్యోగాన్ని వదిలేసి ఆ మాట అనడం కష్టం.

ఆ ఓటుకు అందరికంటే పెద్ద ప్రతిస్పందన మర్నాడే వచ్చింది. ఉపాధ్యక్షుడు బైడెన్ మే 6న ఒక టీవీ కార్యక్రమంలో స్వలింగ జంటలకు పూర్తి హక్కులు ఉండాలన్నట్లు మాట్లాడి శ్వేతసౌధాన్ని ఇరుకున పెట్టారు. మే 9న ఒబామా ఏబీసీ టీవీలో రాబిన్ రాబర్ట్స్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలో స్వలింగ వివాహాలను సమర్థిస్తున్నానని ప్రకటించారు. మే 19న ఎన్‌ఏఏసీపీ జాతీయ బోర్డు అదే వైఖరి తీసుకుంది. నవంబరులో మెయిన్, మేరీల్యాండ్, వాషింగ్టన్ ఓటర్లు స్వలింగ వివాహాలకు అనుమతి ఇచ్చారు, మినసోటా ఓటర్లు స్వలింగ వివాహాలపై రాజ్యాంగ నిషేధాన్ని తిరస్కరించారు. ఆరు నెలల తేడాతో వచ్చిన ఈ ఫలితాలను దేశం మనసు మారిందని చెప్పడానికి వాడతారు. నేను మాత్రం అవి వేర్వేరు రాష్ట్రాలని గుర్తుచేస్తాను. దేశం మొత్తం మీద మార్పు మెల్లగా, కానీ ఆగకుండా వచ్చింది: గాలప్ సంస్థ సర్వేలో 1996లో 27 శాతం ఉన్న మద్దతు 2011లో మొదటిసారి సగం దాటి, 2022లో 71కి చేరింది.

సవరణ అమలులో ఉన్నది రెండున్నరేళ్లలోపే. 2014 జూలై 28న నాలుగో సర్క్యూట్ కేంద్ర అప్పీళ్ల కోర్టు వర్జీనియా నిషేధాన్ని కొట్టివేసింది. నార్త్ కరోలినా కూడా ఆ కోర్టు పరిధిలోదే కనుక, అటార్నీ జనరల్ రాయ్ కూపర్ ఇక తాను సవరణ తరఫున వాదించనని చెప్పారు. అక్టోబరు 6న సుప్రీంకోర్టు ఆ అప్పీళ్లను తీసుకోలేదు. అక్టోబరు 10 శుక్రవారం సాయంత్రం నార్త్ కరోలినాలోని కేంద్ర కోర్టు జడ్జి మాక్స్ కాగ్‌బర్న్ సవరణ చెల్లదని తీర్పిచ్చారు. ఆ దావా వేసినది యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంఘం. లైసెన్సు లేని జంటకు పెళ్లి జరిపిస్తే పాదిరికి శిక్ష పడుతుంది కనుక ఇది తమ మతస్వేచ్ఛకే అడ్డమన్నది వారి వాదనల్లో ఒకటి. మతం పేరున తెచ్చిన సవరణ మతస్వేచ్ఛ పేరున వేసిన దావాలో పడిపోవడాన్ని పత్రికలు అంతగా పట్టించుకోలేదు. ఆ రాత్రి వేక్ కౌంటీ కార్యాలయం వేళ దాటినా తలుపులు తెరిచి ఉంచి లైసెన్సులు ఇచ్చింది. 2015 జూన్ 26న సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో స్వలింగ వివాహ హక్కు దేశమంతటికీ వర్తించింది.

మన తెలుగు కుటుంబాలకు దీనితో ఏమిటి సంబంధమని కూడా మీరు అడగవచ్చు. ఓటు హక్కు లేని హెచ్‌1బీ ఉద్యోగులకు కూడా ఇది తగిలింది. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు కేంద్ర చట్టంలోని నిషేధాన్ని కొట్టివేసేదాకా, స్వలింగ జంటలో ఒకరికి ఉద్యోగ వీసా ఉన్నా రెండో వారికి జీవిత భాగస్వామిగా హెచ్‌4 గానీ గ్రీన్‌కార్డు గానీ వచ్చేది కాదు; ఆ తీర్పు తర్వాత, పెళ్లి చెల్లే చోట చేసుకుని వస్తే, నార్త్ కరోలినా దాన్ని గుర్తించని రోజుల్లో కూడా కేంద్ర వీసా అధికారులు గుర్తించారు. భారతదేశంలో ఇటువంటి ప్రజా ఓటుకు వ్యవస్థే లేదు. స్వలింగ వివాహ హక్కు కోసం హైదరాబాద్‌కు చెందిన జంట ముందు నిలిచి నడిపిన సుప్రియో కేసులో 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టు, పెళ్లి చేసుకునే ప్రాథమిక హక్కు లేదని, మార్చాలంటే చట్టసభలే మార్చాలని చెప్పింది. సివిల్ యూనియన్ల విషయంలో ధర్మాసనం 3–2గా చీలింది.

ఇక మిగిలింది మీ మూడో ప్రశ్న. సవరణ ఇప్పటికీ నార్త్ కరోలినా రాజ్యాంగంలో 14వ అధికరణం 6వ విభాగంగా అచ్చులో ఉంది, అమలులో లేదు. కాలిఫోర్నియా, కొలరాడో, హవాయీ 2024 నవంబరు ఓటుతో తమ రాజ్యాంగాల్లోని ఇటువంటి మాటలను తొలగించాయి. నార్త్ కరోలినాలో పౌరులే సంతకాలు సేకరించి ప్రశ్నను బ్యాలెట్ పైకి తెచ్చే దారి లేదు కనుక మళ్లీ రెండు సభల్లోనూ అయిదింట మూడు వంతుల మంది కావాలి. 2022లో గర్భస్రావ హక్కును తొలగించిన తీర్పులో జస్టిస్ థామస్ విడిగా రాస్తూ 2015 తీర్పును కూడా తిరిగి పరిశీలించాలన్నారు. అది ఎప్పుడైనా జరిగితే ఈ అచ్చు మాటలకు మళ్లీ ప్రాణం రావచ్చు. 2022 డిసెంబరు 13న సంతకమైన కేంద్ర చట్టం వేరే రాష్ట్రంలో చెల్లుబాటుగా జరిగిన పెళ్లిని గుర్తించి తీరాలని చెబుతుంది, కానీ తన గడ్డ మీద లైసెన్సు ఇవ్వమని ఏ రాష్ట్రాన్నీ బలవంతపెట్టదు. అప్పుడు కేరీలో ఉండే జంట మేరీల్యాండ్ దాకా వెళ్లి పెళ్లి చేసుకుని, ఆ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగి రావలసి ఉంటుంది.